పరాయి బిడ్డను కొంతకాలం పెంచాలంటే: విజయవాడ నుంచి ఒక ఫోస్టర్ కేర్ మార్గదర్శి

తెలుగులో పెంచడం వేరు, పెంచుకోవడం వేరు. ‘వాళ్లు ఆ పాపను పెంచుకుంటున్నారు’ అంటే ఇక ఆ పాప వాళ్లదే, ఇంటిపేరు దగ్గర నుంచి ఆస్తిలో వాటా దాకా. ‘పెంచుతున్నారు’ అంటే అంత హామీ ఉండదు. ఎవరి తరఫునో, ఆ ఎవరో తిరిగి లేచి నిలబడేదాకా పెంచుతున్నారని అర్థం. ఫోస్టర్ కేర్ గురించి నాకు అధికారులు చాలాసార్లు వివరించారు కానీ, మాటలోంచి ఆ ‘కో’ తీసేసి చూసుకున్నప్పుడే నాకు పూర్తిగా తలకెక్కింది.

మాది సత్యనారాయణపురం. రెండు పడక గదుల అద్దె ఇల్లు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మా ఆయన ఆటోనగర్‌లో లెక్కలు రాస్తారు. అత్తగారు మాతోనే ఉంటారు. అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఈ ఇంట్లో ఎనిమిదేళ్ల పాప ఒకతి పద్నాలుగు నెలలు ఉండి వెళ్లింది. ఆమె పేరు రాయను, చట్టం ఒప్పుకోదు. మా దగ్గరకు ఎందుకు రావలసి వచ్చిందో కూడా రాయను, అది ఆ పాప సొంత విషయం. మిగిలినదంతా, మేము తెలిసి చేసినవీ తెలియక చేసినవీ, వరుసగా చెబుతాను.

ముందుగా, మీరు వెతుకుతున్నది ఇదేనా?

మమ్మల్ని అడిగేవాళ్లలో సగం మందికి నిజానికి కావలసింది దత్తత. దాని కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి కదా, ఈ దారిలో అయితే త్వరగా బిడ్డ ఇంటికి వస్తుందేమోనని ఆశ. ఆ ఆశతో వస్తే మీరూ దెబ్బతింటారు, బిడ్డా దెబ్బతింటుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్ గురించి. సంరక్షణ అవసరమైన బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో, పరిశీలించి ఎంపిక చేసిన వేరే కుటుంబంలో కొంతకాలం ఉంచుతారు. కన్నవాళ్లు సమర్థులని కమిటీ తేల్చిన రోజున బిడ్డ తిరిగి వెళ్లిపోవచ్చు. దత్తతకు వీలున్న పిల్లలను దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌లో పెట్టకూడదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. కేంద్రం 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, రెండేళ్లు ఫోస్టర్ కేర్‌లో పెంచిన కుటుంబం ఆ బిడ్డను దత్తత కోరవచ్చు. అంతకు ముందు ఈ గడువు అయిదేళ్లు ఉండేది. అయితే బిడ్డ చట్టపరంగా దత్తతకు వీలైన స్థితిలో ఉంటేనే ఆ మాట. దాన్ని నమ్ముకుని మొదలుపెట్టవద్దు.

అక్క పోయింది, అక్క పిల్లలు నా దగ్గరే పెరుగుతున్నారు, నాకేమైనా సాయం వస్తుందా అని గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకామె అడిగారు. రక్తసంబంధీకుల దగ్గర పెరిగే పిల్లలకు వర్తించేది స్పాన్సర్‌షిప్. పిల్లల సంరక్షణ కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, మిగతాచోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. దానికి వెళ్లవలసిన కార్యాలయం కూడా కింద చెప్పబోయేదే.

మూడో రకం ప్రశ్న వింటేనే నాకు భయం. ‘ఫలానా ఆసుపత్రిలో ఆయా ఉంది, పసిబిడ్డను ఇప్పిస్తానంటోంది, ఫోస్టర్ అని రాయించుకోవచ్చా?’ రాయించుకోలేరు. చట్టం చెప్పిన పద్ధతి కాకుండా బిడ్డను ఇచ్చినా పుచ్చుకున్నా మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. కొన్నా అమ్మినా అయిదేళ్ల వరకు కఠిన కారాగారం. అలాంటి కబురు చెవిన పడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి.

మొదటి అడుగు: ఇంట్లో పంచాయతీ

అర్హతల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫోస్టర్ కేర్‌కు ఇచ్చేది ఆరేళ్లు దాటిన పిల్లలను. ఇదివరకు దంపతులకే అవకాశం ఉండేది. 2024 మార్గదర్శకాలతో 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న ఒంటరి వ్యక్తులకు కూడా వీలు కలిగింది. పెళ్లి కానివారు, భర్త పోయినవారు, విడిపోయినవారు ఎవరైనా కావచ్చు. ఒంటరి స్త్రీకి ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా ఇస్తారు, ఒంటరి పురుషుడికి మగపిల్లవాడినే. దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురం ఉండాలి.

అసలు పంచాయతీ ఇంట్లో జరగాలి. మేమిద్దరం వారం రోజులు గుసగుసగా మాట్లాడుకుని, నిర్ణయం అయిపోయాక మా అబ్బాయికి చెప్పాం. పెద్ద తప్పు. ‘అంటే నన్ను అడగడం లేదు, చెబుతున్నారు’ అన్నాడు. వాడి మాట సబబే. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. వాడి షరతులు రెండు: పరీక్షల ముందు టీవీ గొడవ ఉండకూడదు, వాడి అలమార ఎవరూ తెరవకూడదు. రెండూ ఒప్పుకున్నాం. తర్వాత ఆ అలమార తలుపు మీద పాప స్టిక్కర్లు అంటించినప్పుడు వాడు పీకేయలేదు, అది వేరే కథ. అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న ఇక్కడ రాయను. మీ అత్తగారు కూడా అదే అడుగుతారు. జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

డబ్బు సంగతి. ఫోస్టర్ కేర్‌కు కూడా మిషన్ వాత్సల్య లెక్క నెలకు 4,000. పాలు, పుస్తకాలు, ఆటో, బట్టలు, మధ్యలో ఒక జ్వరం. ఆ నాలుగు వేలు ఖర్చులో ఊతం అవుతాయే తప్ప ఇంటికి ఆదాయం కావు. మొదటి మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని దిగండి.

రెండో అడుగు: ఏ గడప తొక్కాలి?

జిల్లా బాలల పరిరక్షణ విభాగం. అందరూ డీసీపీయూ అనే అంటారు, మీరూ అలాగే అడగండి, దారి త్వరగా చూపిస్తారు. మహిళా శిశు సంక్షేమ శాఖ కింద ప్రతి జిల్లాలోనూ ఉంటుంది. అక్కడ సంస్థేతర సంరక్షణ, అంటే హోముల్లో కాకుండా ఇళ్లలో పెరిగే పిల్లల సంగతి, చూసే అధికారి ఒకరుంటారు. ‘నాన్ ఇన్‌స్టిట్యూషనల్ కేర్ వారు ఎవరండీ’ అని అడిగితే చాలు.

ఇక్కడ మన ప్రాంతానికి ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది. బ్యారేజి దాటితే తాడేపల్లి గుంటూరు జిల్లా. పోరంకిలో ఉండే మా వదిన ‘మాదీ బెజవాడే కదా’ అని మాతోపాటు బయల్దేరింది. అప్పటికి పోరంకి కృష్ణా జిల్లాలో ఉంది, ఆమె దరఖాస్తు మచిలీపట్నం వెళ్లాలి. నరసరావుపేట, బాపట్ల వైపు వారికి కూడా ఇప్పుడు గుంటూరు కాదు, వారి వారి జిల్లాలే. మీ ఆధార్‌లో ఉన్న చిరునామా ఏ జిల్లాలోకి వస్తుందో చూసుకుని కదలండి.

నమోదు ఇప్పుడు ఆన్‌లైన్‌లో, దత్తతకు వాడే కేరింగ్స్ పోర్టల్‌లోనే ఉంది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే కూర్చుని చేసుకోవచ్చు. నేనైతే ఒకసారి కార్యాలయానికి వెళ్లి, మనిషిని చూసి, మాట్లాడి వచ్చాకే నమోదు చేయమంటాను. రేపు రాత్రి పదింటికి ఏదైనా జరిగితే మీరు ఫోను చేయవలసింది ఆ మనిషికే.

మూడో అడుగు: కాగితాలు

మమ్మల్ని అడిగినవి: ఇద్దరి ఆధార్, పాన్, ఆదాయ ధ్రువీకరణ, అద్దె ఒప్పందం, పెళ్లి సర్టిఫికెట్, ఇంట్లో అందరి వైద్య పరీక్షలు, మమ్మల్ని ఎరిగిన ఇద్దరి హామీ, పోలీసు విచారణ. మా పెళ్లి అన్నవరంలో జరిగింది, ఫోటోలున్నాయి, సర్టిఫికెట్ లేదు. ఇరవై ఏళ్ల కాపురానికి అప్పుడు వెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. ఆ రోజు మా ఆయన కొత్త చొక్కా వేసుకుని వచ్చారు. మీకూ లేకపోతే ముందు ఆ పని చూడండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు ఎందరి కాగితాలో నానిపోయాయి. అటువైపు వారైతే నకళ్లు తీయించుకోవడంతోనే మొదలుపెట్టాలి.

హామీ ఇచ్చే ఇద్దరినీ జాగ్రత్తగా ఎంచుకోండి. పలుకుబడి ఉన్నవాళ్లకంటే మీ ఇంట్లో గొడవ జరిగినప్పుడు చూసినవాళ్లు మంచిది. మాకు హామీ ఇచ్చిన ఎదురింటి మేష్టారు, ‘ఆమెకు కోపం ఎక్కువ, పావుగంటలో పోతుంది’ అని చెప్పారట. తర్వాత ఆ మాట మాకు మేలే చేసింది.

నాలుగో అడుగు: ఇంటి పరిశీలన

సోషల్ వర్కర్ వస్తున్నారని తెలిసి నేను ఇల్లంతా కడిగి, కర్టెన్లు మార్చి, ఉప్మా, జీడిపప్పు పాకం సిద్ధం చేశాను. పెళ్లిచూపుల హడావుడి. ఆమె కర్టెన్ల వైపు చూడనే లేదు. చూసినవి ఇవి: సంపు మూత బరువుగా ఉందా, పిల్ల ఎత్తగలదా? మేడ మీద పిట్టగోడ ఎంత ఎత్తు? బాత్రూము గడియ లోపలి నుంచి పడుతుందా? పాప ఎవరి దగ్గర పడుకుంటుంది? ఇంట్లో ఎదిగిన మగపిల్లవాడు ఉన్నాడు కాబట్టి ఆ చివరి ప్రశ్న మూడు రకాలుగా అడిగారు. మా అబ్బాయి ముఖం ఎర్రబడింది. తర్వాత వాడిని కూర్చోబెట్టి, ఇది వాడి మీద అనుమానం కాదని, ప్రతి ఇంట్లోనూ అడగవలసిందేనని చెప్పాను. పాప అత్తగారి గదిలో, అత్తగారి పక్క మంచం మీద అని తేల్చాం.

తర్వాత ప్రశ్నలు. ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగారు. మీ ఇంట్లో కోపం ఎవరికి ఎక్కువ, వస్తే ఏం చేస్తారు? చిన్నప్పుడు మిమ్మల్ని కొట్టేవారా? పాప దొంగతనం చేస్తే? పక్క తడిపితే? మీరు అన్నం పెడితే విసిరికొడితే? వీటికి పుస్తకాల్లో జవాబులు చెప్పకండి. ‘ఒక దెబ్బ వేస్తానేమో’ అని మా ఆయన నిజం చెప్పేశారు. నాకు గుండె జారింది. ఆమె మాత్రం శాంతంగా, ‘ఆ ఒక్క దెబ్బ పడినా మాకు ఇబ్బందే. చేయి లేవబోతే గదిలోంచి బయటకు ఎలా వెళ్తారో ఇప్పుడే అనుకోండి’ అన్నారు. మా ఆయన మార్గం వీధి చివర టీ కొట్టు. ఆ పద్నాలుగు నెలల్లో ఆయన తాగిన టీలకు లెక్క లేదు.

అందరికంటే చివర అడిగిన ప్రశ్న: ‘తీసుకెళ్లిపోతాం అన్న రోజు మీరు ఏం చేస్తారు?’ నేను ఏదో గొప్పగా చెప్పాను. ఇప్పుడు అది తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

అయిదో అడుగు: బిడ్డ, ఉత్తర్వు

నివేదికలు బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్తాయి. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు. కమిటీకి మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలు ఉంటాయి కాబట్టి అక్కడ కూర్చున్నవారు ‘అమ్మా, అయ్యా’ అని మెల్లగా మాట్లాడినా, జరుగుతున్నది విచారణ అని గుర్తుంచుకోండి. తోబుట్టువులు ఉంటే వీలైనంతవరకు కలిపే ఉంచాలని చట్టం. ఇద్దరిని తీసుకోలేమనుకుంటే ఆ మాట ముందే చెప్పండి. చూశాక చెప్పడం ఘోరం.

ఉత్తర్వు రాకముందు పాపను హోములో మూడుసార్లు కలిశాం. మొదటిసారి నా వైపు చూడలేదు. రెండోసారి నా మెడలో ఉన్న టేపు ఏమిటని అడిగింది. దర్జీపని కదా, తీయడం మర్చిపోయి అలాగే వెళ్లాను. మూడోసారి కుర్చీ, బల్ల, తలుపు, వార్డెన్ నడుము అన్నీ కొలిచింది. ‘నీకు రావాలని ఉందా?’ అని కమిటీ వారు ఆమెను అడిగారు. తల ఊపింది. ఆ అడగడం మొక్కుబడి అనుకోకండి, పిల్ల వద్దంటే ఆగిపోవలసిందే.

ఉత్తర్వు చేతికి వచ్చాక గడువు, షరతులు అక్కడే చదవండి. నాలుగు జిరాక్సులు తీయించండి. ఒకటి ఇంట్లో, ఒకటి బడికి, ఒకటి మీ సంచిలో, ఒకటి నానకుండా ప్లాస్టిక్ కవరులో.

ఆరో అడుగు: మొదటి నెల

ఏమని పిలవాలి? ఇది చిన్న విషయం అనిపిస్తుంది, మీరు మొదటి గంటలోనే దీన్ని ఎదుర్కొంటారు. ‘ఆంటీ’ నాకు నచ్చలేదు, బస్సులో పక్కసీటు వాళ్లకు పనికొచ్చే పిలుపది. ‘అమ్మ’ అనిపించుకోవడం అన్యాయం, ఆ పిల్లకు అమ్మ ఉంది. ‘పిన్ని’ అను అన్నాను. మా ఆయన బాబాయ్ అయ్యారు, అత్తగారు నానమ్మ. అబ్బాయి అన్నయ్య అయ్యాడు, వాడిని ఎవరూ అడగకుండానే.

తెచ్చుకున్న సంచిని పాప విప్పలేదు. రెండు గౌన్లు, ఒక దువ్వెన, మూత లేని పెన్ను ఒకటి. రోజూ పొద్దున్నే వాటిని తీసి, చూసి, మళ్లీ సర్దేది. నేను ఒకరోజు మంచి మనసుతోనే ఆ గౌన్లు ఉతికి అలమారలో పెట్టాను. ఆ సాయంత్రం గుమ్మం దగ్గర కూర్చుని లోపలికి రాలేదు. సంచి జోలికి వెళ్లకండి. పందొమ్మిదో రోజున తనే విప్పింది.

పేలు ఉంటాయి. వేపనూనె, పేల దువ్వెన, ఓపిక. అత్తగారు మధ్యాహ్నం ఎండలో మెట్ల మీద కూర్చోబెట్టి గంటలు గంటలు తల చూసేవారు. నేను వారం రోజులు మాట్లాడి రాబట్టలేని కబుర్లు ఆమె ఒక్క మధ్యాహ్నంలో విన్నారు. ముఖాలు ఎదురెదురుగా ఉండకపోవడం వల్లనేమో.

ఇక చీమలు. రెండో వారంలో అత్తగారి మంచం కింద చీమల బారు కనిపించింది. పట్టుకుని వెళ్తే దిండు గలీబులో మూడు ఇడ్లీలు, ఎండిపోయిన చపాతీ ముక్క, కాగితంలో చుట్టిన పులిహోర. పులిహోర నాలుగు రోజుల నాటిది. నాకు మొదట కోపమే వచ్చింది, ఇంట్లో లేనిదేముందని. తిండి ఎప్పుడు దొరుకుతుందో తెలియని రోజులు చూసిన పిల్లలు ఇలా దాచుకుంటారని, తిట్టినా దొరకబుచ్చుకున్నా ఇంకా లోతుగా దాస్తారని ఫోనులో సోషల్ వర్కర్ చెప్పారు. నేను వన్‌టౌన్ వెళ్లి బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి కొని, కొట్టులోనే పాప పేరు చెక్కించాను. నిండా జంతికలు, వేరుశనగ ఉండలు. ‘ఇది నీది. మేమెవరం తీయం. రోజూ రాత్రి నింపుతాను’ అన్నాను. మొదటి వారం రోజూ ఖాళీ అయ్యేది. తర్వాత సగం. దసరా నాటికి డబ్బా నిండుగానే ఉండేది కానీ పడుకునే ముందు మూత తీసి చూసుకోవడం మానలేదు. ఒక్కరోజు కూడా నింపడం మర్చిపోకండి. నేను ఒక పెళ్లి జాకెట్ల హడావుడిలో ఒకసారి మర్చిపోయాను, మర్నాడు దిండు కింద అరటిపండు.

ఏడో అడుగు: బడి, ఆసుపత్రి

ఒక ప్రైవేటు బడిలో తండ్రి ఆధార్ లేకపోతే పేరు ఎక్కించం అన్నారు. వాదించి ఉండవచ్చు. పాప పక్కనే నిలబడి వింటోంది, అందుకని వచ్చేశాను. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2009 విద్యాహక్కు చట్టం ఉంది. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోవడం మానకూడదు, పాత బడి నుంచి టీసీ ఆలస్యమైందని ఆపకూడదు, వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. మున్సిపల్ బడి హెడ్‌మాస్టరు గారు ఉత్తర్వు జిరాక్సు చూసి పావుగంటలో చేర్చుకున్నారు. క్లాసు టీచరుకు తెలియవలసినంత మాత్రమే చెప్పండి: ఎవరికి అప్పగించాలి, ఎవరికి అప్పగించకూడదు. మాతృదినోత్సవానికి గ్రీటింగ్ కార్డు చేయిస్తే పాపకు రెండు అట్టముక్కలు ఇవ్వమని కూడా చెప్పండి.

వైద్యం విషయంలో జ్వరం, దగ్గు మీరు చూసుకుంటారు. ఆపరేషన్ లాంటి పెద్ద మాట వస్తే సంతకం పెట్టే ముందు డీసీపీయూకు చెప్పండి. ప్రాణం మీదికి వస్తే ముందు చేర్పించి అదే నిమిషంలో చెప్పండి. ఊరు దాటి తిరుపతి వెళ్లినా ముందే ఒక మాట వేయండి.

ఎనిమిదో అడుగు: ఇరుగుపొరుగు, ఫోటోలు

‘ఎవరి పిల్ల?’ దీనికి ఇంట్లో అందరిదీ ఒకే జవాబు ఉండాలి. మేము ‘మా ఇంట్లో ఉంటోంది’ అనే అన్నాం. అబద్ధం చెప్పకండి. పిల్ల వింటుంది, తన గురించి అబద్ధం చెప్పవలసినంత తప్పేదో తనలో ఉందనుకుంటుంది. తరచి అడిగేవాళ్లకు ‘జాకెట్టు మంగళవారం ఇస్తాను’ అని మాట మార్చడం నాకు వృత్తిరీత్యా అబ్బింది.

ఫోటోలు మాత్రం ప్రాణసంకటం. ఇలాంటి పిల్లల పేరు, ఫోటో, బడి, గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టంలోనే 74వ సెక్షన్. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మా మరిది కొడుకు పుట్టినరోజు ఫోటో ఒకటి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేశాడు, పాప కేకు ముందు నిలబడి ఉంది. వాడిది అమాయకత్వమే. తీయించేసరికి నలభై మంది చూశారు. ఆ తర్వాత ఏ శుభకార్యానికి వెళ్లినా ముందు ఫోటోగ్రాఫరును పక్కకు పిలిచి చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో మాత్రం ఫోటోలు తీయండి, ప్రింటు వేయించి ఆల్బంలో పెట్టండి. ఎందుకో చివర చెబుతాను.

తొమ్మిదో అడుగు: కన్నతల్లి వచ్చినప్పుడు

అన్నిటికంటే కష్టమైనది ఇదే, నన్ను ఎవరూ దీనికి సిద్ధం చేయలేదు. బిడ్డకు కీడు అని కమిటీ రాతపూర్వకంగా అనుకుంటే తప్ప, కన్నవాళ్లు నిర్ణీత రోజుల్లో వచ్చి చూడవచ్చు. మొదటి కలయికకు నేను పాపకు కొత్త పరికిణీ కుట్టాను. పాప అది వద్దని, సంచిలోంచి పాత గౌను తీసింది. పొట్టయిపోయింది, వెనక హుక్కులు పడలేదు. అమ్మ గుర్తుపట్టాలి కదా అంది. వెనక పిన్ను పెట్టి అదే వేశాను.

ఆ తల్లి నాకంటే పన్నెండేళ్లు చిన్నది. బల్ల అంచున కూర్చుని నా చేతుల వైపే చూస్తోంది. పాప నన్ను ‘పిన్నీ, మంచినీళ్లు’ అనగానే తల ఎత్తింది. ‘పిన్ని ఎలా అవుతారే? నాకంటే పెద్దవారు. పెద్దమ్మ అనాలి’ అంది. తర్వాత నాతో, ‘కదా అక్కా?’ అంది. ఆ గదిలో ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చవలసిన మనిషి ఆమే, తేల్చేసింది. ఆ సాయంత్రం నుంచి నేను పెద్దమ్మను. మా ఆయన పెదనాన్న అయ్యారు కానీ ఆయనకు బాబాయే బాగుందట.

చేయకూడనివి కొన్ని చెబుతాను. తల్లి ఎదుట పాప చదువు, జుట్టు, బరువు గురించి మీ గొప్పగా చెప్పకండి. ఆమె తెచ్చిన బిస్కెట్ల మీద తేదీ చూడకండి, కనీసం ఆమె ముందు. ‘అమ్మ ఏమంది’ అని ఇంటికొచ్చాక ఆరా తీయకండి. కలిసి వచ్చిన రాత్రి పాపకు జ్వరం వచ్చేది, లేదా అకారణంగా మా అబ్బాయి పుస్తకం చింపేది. నాకు ఒక దశలో ఈ కలయికలు మాన్పించమని అడగాలనిపించింది. అడగలేదు, ఇప్పుడు అందుకు సంతోషం. కలిసిన మర్నాడు బడికి సెలవు పెట్టించి, రాజీవ్ గాంధీ పార్కుకు తీసుకెళ్లి, ఏమీ మాట్లాడకుండా ఐస్‌క్రీం కొనిపెట్టడం మాకు కుదిరిన వైద్యం.

పదో అడుగు: తనిఖీలు, చేతకాకపోతే

నెలనెలా తనిఖీ ఉంటుంది, అది చట్టంలోనే ఉంది. వచ్చినవారు పాపతో విడిగా మాట్లాడతారు. మీరు వంటింట్లోకి వెళ్లి నిజంగానే వంట చేసుకోండి. ఒక నోటుబుక్కులో తేదీలు వేసి జ్వరాలు, మార్కులు, కోపాలు రాసి ఉంచండి, అడిగినప్పుడు వెతుక్కోనక్కరలేదు.

కుదరడం లేదనిపిస్తే దాచకండి. మూడో నెలలో నేను సోషల్ వర్కర్‌కు ఫోను చేసి ‘నావల్ల కాదేమో’ అని ఏడ్చాను. ఆమె ఎవరినీ తప్పుపట్టలేదు, మర్నాడు వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. ఓర్చుకుని ఓర్చుకుని ఒకరోజు రాత్రికి రాత్రి ‘తీసుకెళ్లిపోండి’ అనే ఇళ్లలోనే పిల్లలు ఎక్కువ నలిగిపోతారు.

పదకొండో అడుగు: పంపడం

కమిటీ తల్లి పరిస్థితి చూసి ఉత్తర్వు ఇచ్చింది. హఠాత్తుగా కాదు. ముందు ఒక పగలు, తర్వాత ఒక రాత్రి, తర్వాత శని, ఆదివారాలు. మీ దగ్గర అలా లేకపోతే అలా చేయమని అడగండి.

ఇప్పుడు ఆ ఆల్బం. పద్నాలుగు నెలలు తల్లి చూడని కాలం. రాలిన పన్ను, సైకిలు, బడి నాటకంలో చెట్టు వేషం, అన్నీ అందులో ఉన్నాయి. దాంతోపాటు ఒక ఫైలు: బడి కాగితాలు, టీకాల కార్డు, మందుల చీటీలు, ఆధార్. ఇంకా ఒక తెల్లకాగితం మీద పాప ఇప్పటి అలవాట్లు: పెరుగన్నంలోకి మాగాయ కావాలి, చీకట్లో బాత్రూముకు ఒంటరిగా వెళ్లదు, లెక్కలు రాకపోతే కడుపునొప్పి అంటుంది. తల్లి ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి జాకెట్టులో పెట్టుకుంది. పాత సంచి పనికిరాదు, పెద్దది కొన్నాం. పాత సంచిని పడేయకుండా పెద్దదాని లోపల పెట్టాం. ఆడపిల్ల ఇంట్లోంచి వెళ్తుంటే ఖాళీ చేతులతో పంపకూడదని అత్తగారు పసుపు, కుంకుమ, పరికిణీ, డబ్బా నిండా జంతికలు ఇచ్చారు.

తర్వాత ఫోను చేయాలా వద్దా అన్నది కన్నతల్లి ఇష్టం. నెల రోజులు నేను చేయలేదు. కుట్టుమిషను మీద కూర్చుంటే నాలుగున్నరకు బడి బస్సు శబ్దానికి కాలు ఆగిపోయేది. మా అబ్బాయి ఏమీ అనలేదు కానీ అలమార స్టిక్కర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ‘మళ్లీ తీసుకుంటారా?’ అని డీసీపీయూ వారు అడిగారు. ఆరు నెలలు ఆగమన్నాను. మీరూ వెంటనే సరే అనకండి.

మొన్న సంక్రాంతికి ఇద్దరూ వచ్చారు. గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, ఆ స్టీలు డబ్బా తిరిగి తెచ్చారు. నిండా కజ్జికాయలు. ఇద్దరూ కలిసి వత్తారట. అడుగున ఉన్న నాలుగు కాస్త మాడాయి. ‘అవి నేను చేసినవి పెద్దమ్మా’ అంది.